విలియం జేమ్స్ ఆలోచనా ప్రవాహం: మాటకు లొంగని మనసు, సంకల్ప స్వేచ్ఛ

తెలుగు నవలా విమర్శలో 'చైతన్య స్రవంతి' అనగానే పాత్ర తనలో తాను పలుకుకొనే మాటల ధార స్ఫురిస్తుంది. నవీన్ 'అంపశయ్య' (1969) విషయంలో ఈ అర్థం చాలవరకు సరిపోతుంది. అయితే ఈ పారిభాషిక పదానికి ఆధారమైన విలియం జేమ్స్ భావనలో మాటకు అంతటి ఆధిపత్యం లేదు. ఈ భేదాన్ని విస్మరిస్తే పాత్రల స్వేచ్ఛను గురించి మనం చేసే నిర్ణయాలు కూడా దెబ్బతింటాయి.

1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ పలువురిని ఆనాటి ఉదయపు ఫలహారపు బల్లను మనసులో చూడమని కోరి, ఆ చిత్రం ఎంత స్పష్టంగా ఉందో అడిగాడు. కొందరికి అది కళ్లెదుట ఉన్నట్లే కనిపించింది. తాను మొదట ప్రశ్నించిన శాస్త్రవేత్తలలో అధికులు మాత్రం అటువంటి మనోచిత్రాలనే ఎరుగమన్నారని ఆశ్చర్యంతో రాశాడు. జేమ్స్ తన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ' (1890)లో ఈ వివరాలను స్వీకరించాడు.

అదే గ్రంథంలో ఆలోచనా ప్రవాహాన్ని గురించిన అధ్యాయంలో బల్లార్డ్ వృత్తాంతం ఉంది. ఆయన బధిరుడు, వాషింగ్టన్‌లోని నేషనల్ కాలేజీలో అధ్యాపకుడు. భాష ఏదీ నేర్వని బాల్యంలో, తండ్రితో బండిలో ప్రయాణించే రోజుల్లో, ఈ ప్రపంచం ఎలా పుట్టిందని తాను ఆలోచించినట్లు రాసుకున్నాడు. మాట లేకుండానే ఆలోచన సాగుతుందనడానికి జేమ్స్ దీనిని ప్రమాణంగా తీసుకున్నాడు. శబ్దం అనుగమించని జ్ఞానం లేదన్న భర్తృహరి పక్షాన్ని ఎరిగినవారికి ఇది పరిచితమైన వివాదమే. విట్‌గెన్‌స్టైన్ 1953లో వెలువడిన గ్రంథంలో దీనిని శంకించాడు: మాటల్లేని ఆ తలపును ఇప్పుడు మాటల్లోకి సరిగానే అనువదించానని బల్లార్డ్‌కు ఎలా తెలుసు? శంక న్యాయమైనదే. కాని గడచిన తలపును మాటలుగానే విన్నానని చెప్పేవారిని మాత్రం ఈ ప్రశ్న నుండి ఎందుకు మినహాయించాలో నాకు బోధపడదు.

స్వేచ్ఛ ప్రసక్తి ఇక్కడే వస్తుంది. 1870 ఏప్రిల్ 30న, తీవ్రమైన మనోవ్యాకులతలో ఉన్న 28 ఏళ్ల జేమ్స్ తన దినచర్యలో, రెనూవియే వ్యాసాన్ని చదివి స్వేచ్ఛను నమ్మదలచానని రాసుకున్నాడు. ఆయన గ్రహించిన నిర్వచనం చేతలకు సంబంధించినది కాదు: వేరే ఆలోచనలకు అవకాశం ఉండగా, కోరుకొని ఒక ఆలోచనను నిలుపుకోవడమే స్వేచ్ఛ. ఇరవై ఏళ్ల తరువాత సంకల్పాన్ని గురించిన అధ్యాయంలోనూ అవధాన ప్రయత్నానికే ప్రాధాన్యమిచ్చాడు. ఆ ప్రయత్నం నిజంగా స్వతంత్రమా కాదా అన్నది మనస్తత్వశాస్త్రం తేల్చలేనిదని కూడా నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఇలా నిలుపుకొనే ఆలోచన చిత్రం కావచ్చు, మాట కావచ్చు, పేరులేని ఒక మొగ్గు కావచ్చు.

ఈ పదాన్ని 1918లో డొరొతీ రిచర్డ్‌సన్ నవలలకు అన్వయించి సాహిత్యంలోకి తెచ్చినది మే సింక్లెయిర్. నవలకు ఉన్న సాధనం భాషే కనుక ప్రవాహం క్రమంగా అంతర్వాక్కుగా కుదించుకుపోయింది. ఇది రచనా ప్రక్రియకు ఉన్న పరిమితి. మనసుకు ఉన్నది కాదు. పాత్ర ఆత్మసంభాషణలో తీర్మానం వినబడలేదు కనుక ఆ పాత్ర పరిస్థితుల చేతిలో కీలుబొమ్మ అనే వాదం ఈ పరిమితినే సాక్ష్యంగా చూపుతున్నది. వాక్యం తెగినచోట, ఒక దృశ్యం వదలక తిరిగి తిరిగి వచ్చినచోట పాత్ర దేనిని పట్టి ఉంచుతున్నదో ఆ వాదం చూడదు.