నెలసరి రోజుల్లోనూ బడి మానకుండా

కాటన్‌పేటలో తరాలుగా స్థిరపడిన మన ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే పేరంటం పిలిచి, కొత్త బట్టలు పెట్టి సంబరపడతాం. ఆ తర్వాత మాత్రం ప్రతి నెలా ‘ఈ మూడు రోజులు బడికి వద్దులే’ అనేస్తాం. పది నెలల బడిలో అది ముప్పై రోజుల చదువు!

ఈ నష్టం తగ్గించడానికే కర్ణాటక ప్రభుత్వం 2013-14లో ‘శుచి’ పథకం తెచ్చింది. ప్రభుత్వ బడుల్లో చదివే కిశోర బాలికలకు దీని కింద ప్యాడ్లు ఉచితంగా ఇస్తారు. కరోనా కాలంలో ఆగిన ఈ పథకం 2024లో మళ్లీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ వరకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్యాడ్లపై జీఎస్టీని 2018లోనే ఎత్తేశారు. జనౌషధి కేంద్రాల్లో ‘సువిధ’ ప్యాడ్‌ను 2019 నుంచి రూపాయికే అమ్ముతున్నారు.

ప్యాడ్ ఒక్కటే చాలదు. బడిలో నీళ్లు, గడియ ఉన్న మరుగుదొడ్డి, మూత ఉన్న చెత్తబుట్ట కూడా ఉండాలి. తల్లిదండ్రుల సమావేశంలో వీటి గురించి, ‘శుచి’ ప్యాడ్ల గురించి మనమే అడగాలి.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి:

• నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ప్యాడ్ మార్చాలి. బడిసంచిలో ఒకటి అదనంగా పెట్టాలి.
• గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలి. చాటున, తడిగా దాచకూడదు.
• వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి, తడి, పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి.
• నొప్పి భరించలేనంతగా ఉన్నా, రక్తస్రావం ఏడు రోజులు దాటినా డాక్టరుకు చూపించాలి.

ఇంటి ఆచారం ఏదైనా, దానికోసం పిల్ల చదువు ఆగకూడదని మా మనవి.