కాలవ ఒక్కటే చాలదు



పొద్దున్నే బియ్యం కడిగి ఎసట్లో పోసేటప్పుడు మనకి ఎన్నో ఆలోచనలు. పిల్లల బడి, పాలవాడి లెక్క, మధ్యాహ్నానికి కూర. ఆ బియ్యం గురించి మాత్రం ఆలోచన రాదు. డబ్బాలో ఉన్నాయి గదా అన్న ధీమా. గోదావరి జిల్లాల వాళ్లకి ఆ ధీమా మరికాస్త ఎక్కువ. మనది అన్నపూర్ణ అని అందరూ అంటూంటే మనమూ నమ్మేశాం. మరి ఈ నేల మొదటినుంచీ అన్నపూర్ణేనా? ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

కాదండీ. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గొప్ప కరువు వచ్చింది. నందన కరువు అని పెద్దలు చెప్పుకునేవారు. గుంటూరు సీమ ఎక్కువగా నాశనమైంది గానీ మన రాజమండ్రి జిల్లానీ అది విడిచిపెట్టలేదు. తరవాత 1839లో కోరంగి మీద ఉప్పెన పడింది. 1821లో ఏడు లక్షల పైచిలుకు ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి అయిదు లక్షల అరవై వేలకి పడిపోయింది. కొందరు చచ్చిపోయేరు, కొందరు మూటా ముల్లే కట్టుకుని వలసపోయేరు. విడ్డూరం ఏమిటంటే, ఆ రోజుల్లోనూ గోదారి మన ఊళ్ల పక్కనుంచే పారి సముద్రంలో కలిసిపోతూనే ఉంది. ఏరు నిండుగా ఉన్నా కుండ ఖాళీయే.

ఆ నీటిని చేలకి మళ్లించాలని పట్టుపట్టినవాడు ఆర్థర్ కాటన్ దొర. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టేరు. పక్కన ఉండి సాయపడిన మన తెలుగువాడు వీణం వీరన్నగారు. రాళ్లెత్తిన కూలీలు, తట్టలు మోసిన ఆడవాళ్లు వేలమంది. వాళ్ల పేర్లు మనకి తెలియవు. క్రమంగా పది లక్షల ఎకరాలకి నీరందింది. గోదావరి స్నానం చేసి సంకల్పంలో కాటన్ పేరు కూడా చెప్పుకున్నవారు ఉన్నారట. తిండి పెట్టినవాణ్ణి మన జాతి మరిచిపోదు మరి.

మొదటి మెట్టు నీరయితే, రెండో మెట్టు విత్తనం.

1965, 66 సంవత్సరాల్లో దేశంలో వానలు లేవు. అమెరికా నుంచి ఓడల మీద గోధుమలు వస్తేగాని రోజు గడవని స్థితి. వారానికి ఒక పూట, సోమవారం రాత్రి, భోజనం మానండని లాల్ బహదూర్ శాస్త్రిగారు దేశాన్ని కోరింది ఆ రోజుల్లోనే. అంతకు ముందే 1960లో సాంద్ర వ్యవసాయానికి దేశం మొత్తంమీద మొదట ఎన్నుకున్న ఏడు జిల్లాల్లో మన పశ్చిమ గోదావరి ఒకటి. ప్యాకేజీ ప్రోగ్రాం అనేవారు. విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ కలిపి ఇవ్వడమన్నమాట. ఆ నేల మీదకి ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ఐ.ఆర్.8 వచ్చింది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు 1967లో దాన్ని పండించి తోటి రైతులకి దారి చూపించేరు. మిస్టర్ ఐ.ఆర్.8 అన్న పేరే ఆయనకి నిలిచిపోయింది.

మా అమ్మమ్మ ఆ సంగతి చెప్పేది. "అక్కుళ్లు, కృష్ణకాటుకలు అయితే చేను మనిషెత్తు లేచేది. ఇది చూస్తే నా నడుముకి రాలేదు. ఇదేం పంటరా అని నవ్వేం. కళ్లంలో ధాన్యం కొలిచేక నోరు మూసుకున్నాం" అనేది. దిగుబడి రెండింతలు దాటింది. అయితే అన్నం రుచి లేదు, చల్లారితే బిరుసు. గడ్డి పొట్టిది, పశువులకి చాలదు. "కడుపు నింపింది గానీ నోటికి పట్టలేదు" అని అమ్మమ్మ తీర్పు. ఆ లోటు మన మార్టేరు పరిశోధనా కేంద్రం తీర్చింది. 1925లో పెట్టిన ఆ కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చింది. ఒరిస్సా, బెంగాలు, బంగ్లాదేశ్ దాకా పాకింది.

మూడో మెట్టు, పండిన బియ్యం పేదవాడి గుమ్మం చేరడం. 1943లో బెంగాలులో లక్షలమంది చచ్చిపోయింది ఒక్క బియ్యం లేకే కాదు, కొనే శక్తి లేక అని అమర్త్య సేన్‌గారు తేల్చేరు. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చింది. 2013లో ఆహార భద్రత చట్టమే వచ్చింది. కూలికి వెళ్లే తల్లికి ఇది ఎంత ధైర్యమో మనకి తెలియనిది కాదు.

మరి నీరొచ్చింది, విత్తనమొచ్చింది, కొనేవాడికి అండ దొరికింది. ఇంకేం కావాలి అంటారా?

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను పడింది. అప్పటికి నేను చిన్నపిల్లని. మా మేనమామ కౌలుకి చేసిన చేను కోతకి సిద్ధంగా ఉంది. గాలి చేను పడగొట్టింది, సరే, దేవుడి పని. కానీ నీళ్లు రోజుల తరబడి చేలోనే నిలిచిపోయేయి. మురుగు కాలవలో తూడు, గుర్రపుడెక్క నిండా పట్టేసి నీరు కదల్లేదు. బాగుచేయించమని ఊరివాళ్లు అంతకు ముందు ఎన్నిమార్లు తిరిగేరో. కంకి మీదే ధాన్యం మొలకెత్తింది. రంగు మారిన ధాన్యం కొనేవాడు లేడు. కౌలు బస్తాలు మాత్రం కొలవక తప్పలేదు. అత్తయ్య చేతి గాజులు కుదువకి వెళ్లేయి, తిరిగి రాలేదు. ఆ ఏడాది ఆ ఇంట్లో ముక్క వాసన అన్నమే తిన్నారు.

చూశారా, పొట్టి వంగడం వచ్చేక మురుగు పోవడం మరీ అవసరం. మనిషెత్తు చేను నీళ్లలో తల పైకెత్తి నిలబడేది, పొట్టిది మునిగిపోతుంది. రెండు వారాలు మునిగినా తట్టుకునే స్వర్ణ సబ్-1 తరవాత 2009లో వచ్చింది గానీ, ఒక్క విత్తనం అన్ని వరదలకీ మందు కాదు.

2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాలు బీడు పెట్టేరు. పంట విరామం అన్నారు. ఆ ఏడు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 1,080 రూపాయలు. పెట్టుబడే రావడం లేదు, కూలిరేట్లు పెరిగేయి, మురుగు కాలవలు పూడిపోయేయి అని వాళ్ల గోడు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో కోనసీమలో మళ్లీ అదే మాట వినబడింది. కాలవ కింద పొలం పెట్టుకుని మా అత్తయ్య 2011లో కొట్టుకి బియ్యానికి వెళ్లింది. ఆవిడ మొహం నాకు ఇంకా గుర్తే.

ఇన్నేళ్లలో మనం నీళ్లు తెచ్చే కాలవని చూసుకున్నంతగా, తీసుకుపోయే కాలవని చూసుకోలేదు. తినేవాణ్ణి తల్చుకున్నంతగా పండించేవాణ్ణి తల్చుకోలేదు. రెండూ ఒక్కలాంటి పొరపాటే. మునిగిన చేనుకి ఎంత నీరిస్తే ఏం లాభం? అప్పులో మునిగిన రైతు ఎన్నాళ్లు పండిస్తాడు?

ఇది పెద్దవాళ్ల వ్యవహారం, మనమేం చేస్తాం అనుకోవద్దు. తొలకరికి ముందే మురుగు కాలవ తవ్వించేరా అని గ్రామసభలో మనమూ అడగవచ్చు. ఇంటి చెత్త, ప్లాస్టిక్ సంచులు ఆ కాలవలో పారెయ్యకుండా ఉండడం మన చేతిలో పనే. రేపు బియ్యం కడిగేటప్పుడు ఈ మాట ఒక్కసారి గుర్తుచేసుకోండి.