మెకటీర్, పెట్రిస్‌ల పేర ఒక చట్టం

1960 ప్రాంతంలో ఓక్లాండ్ ట్రిబ్యూన్ పత్రిక ఒక పటం అచ్చేసింది. అమెరికా సైన్యపు ఇంజనీర్లు గీసిన పటం. పూడ్చడానికి వీలున్న చోటల్లా పూడ్చుకుంటూ పోతే 2020 నాటికి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఎలా ఉంటుందో అందులో చూపించారు. మధ్యన నది పాటి నీళ్ళు, చుట్టూ కొత్త నేల. గీసినవాళ్ళు దాన్ని ప్రమాదం అనుకోలేదు, అభివృద్ధి అనుకున్నారు.

నేను కైకలూరు వైపువాణ్ణి, రెవెన్యూ శాఖలో చేసి రిటైరయ్యాను. పటంలో నీలం రంగు చెరిగి గట్లు మొలవడం మా కొల్లేటి సరస్సులో చూసినవాణ్ణి. ఈ అఖాతం ఒడ్డునున్న ఫ్రీమాంట్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాని సంగతులు తవ్వుకుంటూ కూర్చోవడానికి కారణం అదే.

నీళ్ళ కింది నేలకి పట్టా ఏమిటంటారా? ఇక్కడ ఉంది. ఆటుపోట్లకు మునిగితేలే నేలల్ని కాలిఫోర్నియా ప్రభుత్వం 19వ శతాబ్దంలోనే చాలామందికి అమ్మేసింది, మరికొంత ఊళ్ళకు దఖలు పరిచింది. కొన్నవాళ్ళు గట్లు పోసి ఉప్పుమళ్ళు చేశారు. ఊళ్ళు చెత్త పోసి మెరక చేశాయి. ఏటా సగటున రెండువేల ఎకరాల పైచిలుకు నీరు నేలైపోయింది. జనం అడ్డు లేకుండా నీటి ఒడ్డుదాకా వెళ్ళగలిగిన తీరం 1960 నాటికి నాలుగైదు మైళ్ళకు మించి లేదు. బర్కిలీ నగరమైతే దాదాపు 2,000 ఎకరాలు పూడ్చి ఊరిని పెంచుకుందామని ప్లాను వేసుకుంది.

దాన్ని ఆపడానికి పూనుకున్నది ముగ్గురు ఆడవాళ్ళు: కే కెర్, సిల్వియా మెక్‌లాఫ్లిన్, ఎస్తర్ గులిక్. ముగ్గురూ బర్కిలీ విశ్వవిద్యాలయంతో సంబంధమున్న కుటుంబాలవాళ్ళు. 1961లో ప్రకృతి సంరక్షణ సంఘాల పెద్దల్ని గులిక్ ఇంటికి పిలిచి గోడు చెప్పుకున్నారు. పెద్దలంతా విని, మంచి పనేనని దీవించి, మాకు వేరే పనులున్నాయని లేచిపోయారు. ఇక తామే ఒక సంఘం పెట్టి, డాలరు చందాతో సభ్యుల్ని చేర్చుకున్నారు. బర్కిలీ ప్లాను ఆగింది. కానీ అఖాతం చుట్టూ ఊళ్ళు బోలెడు. ఒక ఊరు మానితే పక్క ఊరు పూడుస్తుంది. రాష్ట్ర శాసనసభ కదలాలి.

కే కెర్ వెళ్ళి పట్టుకున్నది సెనేటర్ యూజిన్ మెకటీర్‌ని. శాన్‌ఫ్రాన్సిస్కో మనిషి, ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు, రేవులో టరాంటినోస్ అనే హోటల్ భాగస్వామి. పక్షుల మీద ప్రేమతో రాజకీయాల్లోకి వచ్చిన మనిషి కాదు, ఓట్ల లెక్క తెలిసినవాడు. 1964లో ముందు ఒక అధ్యయన సంఘం వేయించి, దానికి తనే అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడు ఓక్లాండ్ నుంచి ఎన్నికైన అసెంబ్లీ సభ్యుడు నికలస్ పెట్రిస్‌తో కలిసి బిల్లు తెచ్చాడు. డాన్ షెర్‌వుడ్ అనే రేడియో వ్యాఖ్యాత, మెకటీర్‌కి ఉత్తరాలు రాయండని శ్రోతలకు చెప్పేవాడు. 1965లో చట్టం వచ్చింది. దాని పేరే మెకటీర్-పెట్రిస్ చట్టం.

ఆ చట్టంలోని తెలివికి రెవెన్యూవాడిగా నేను ముచ్చటపడ్డాను. పూడ్చడం నిషేధం అని ఒక్క ముక్క రాసి ఉంటే బిల్లు కమిటీలోనే చచ్చేది. వీళ్ళు 27 మందితో తాత్కాలిక కమిషన్ వేసి, అఖాతానికి ప్రణాళిక రాయమన్నారు. రాస్తున్నన్నాళ్ళూ కమిషన్ అనుమతి లేకుండా ఎవరూ తట్టెడు మట్టి పొయ్యకూడదు. కోర్టులో స్టే లాంటిదన్నమాట. కౌంటీలకీ ఊళ్ళకీ కమిషన్‌లోనే కుర్చీలు వేశారు కాబట్టి బయట నిలబడి అరిచేవాళ్ళు తగ్గారు.

1967 మే నెలలో మెకటీర్ హ్యాండ్‌బాల్ ఆడుతూ గుండె ఆగి పోయాడు. అప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ పదవికి పోటీలో ఉన్నాడు. రెండేళ్ళకి ప్రణాళిక తయారైంది, తాత్కాలిక కమిషన్ గడువూ ముగియవచ్చింది. శాసనసభ్యులకి జనం ఇసుక సంచులు పంపి మరీ గుర్తుచేశారు. 1969 ఆగస్టులో గవర్నర్ రీగన్ సంతకంతో కమిషన్ శాశ్వతమైంది. పెట్రిస్ అప్పటికి సెనేట్‌లో ఉన్నాడు. అదే ఏడాది పెట్రోలు ఇంజన్ కార్ల అమ్మకం 1975 నుంచి ఆపాలని బిల్లు పెడితే సెనేట్ ఒప్పుకుంది కూడా, అసెంబ్లీ కమిటీలో ఆగిపోయింది. కార్లు లేనిదే పాలు కూడా తెచ్చుకోలేని రాష్ట్రంలో అంత సాహసం చేసినవాడి గురించి ఎవరూ చెప్పుకోరేమని నాకు ఆశ్చర్యం.

చెప్పుకోవడం సంగతికొస్తే, ఈ తీరంలో పేర్ల పంపకం చిత్రంగా ఉంది. ఫ్రీమాంట్ దగ్గరి పక్షుల శరణాలయానికి కేంద్ర ప్రతినిధుల సభలో పనిచేసిన డాన్ ఎడ్వర్డ్స్ పేరుంది. 1972లో దాన్ని సాధించినవాడు, పెట్టడం న్యాయమే. తూర్పు తీరపు పార్కుకి 2012లో సిల్వియా మెక్‌లాఫ్లిన్ పేరు చేరింది. మెకటీర్ పేరు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక హైస్కూలుకి పెట్టారు, 2002లో ఆ స్కూలే మూతపడింది.

మా జిల్లాలో తిరిగే సన్మానాల సంగతి నాకు బాగా తెలుసు. శాలువా, పూలదండ, జ్ఞాపిక. కొల్లేటిని అయిదో కాంటూరు (ఎత్తు గీత) దాకా 1999లో అభయారణ్యం చేశారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు, 2008లో అదే కొల్లేటిని మూడో కాంటూరుకి కుదించమని మన అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ తీర్మానానికి చేతులెత్తినవాళ్ళు కూడా మా ఊళ్ళో శాలువాలు కప్పించుకున్నారు.

మెకటీర్, పెట్రిస్‌లకు శాలువా కన్నా గట్టిదే దక్కింది. ఈనాటికీ అఖాతంలో బల్లకట్టు వెయ్యాలన్నా, ఒడ్డుకి 100 అడుగుల లోపల హోటల్ కట్టాలన్నా ఆ చట్టం కిందే దరఖాస్తు పెట్టాలి. జనం నీళ్ళదాకా నడిచే దారి వీలైనంత వదలాలి. వీళ్ళిద్దరి పేర్లూ రోజూ పలికేది బిల్డర్ల లాయర్లే. ఏ పలుకుబడి ఉన్నా పేరు మార్పించుకోలేని దరఖాస్తు అది.