సోఫాలో కూర్చుంటే బేస్ ఎక్కువ

చెప్పులు బయట విడిచి రండి. వెనక ఆ సోఫాలో మాత్రం కూర్చోకండి. మెత్తగా ఉంటుంది, నిజమే, కానీ అక్కడ కూర్చున్నవాళ్ళకి పాట అబద్ధం చెబుతుంది. ఆ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కకి రండి.

మణుగూరులో మా స్టూడియో ఇదే. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. మేడ మీద పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గది. గోడలకి నల్ల ఫోమ్, తలుపు వెనక మా అమ్మ కుట్టిన బొంత, ఇటుకలు పేర్చి మూసేసిన కిటికీ. ఒక కంప్యూటర్, ఒక సౌండ్ కార్డు, రెండు స్పీకర్లు, మూలన చెక్కలతో కట్టుకున్న బూత్. డిసెంబర్ ఆఖరు. బయట మంచు దిగుతోంది. బొగ్గు లారీ వెళ్ళిన ప్రతిసారీ ఈ బల్ల మీద టీ గ్లాసు చిన్నగా మోగుతుంది, వినండి.

ఇది మాకు సీజన్. తునికాకుది ఎండాకాలం, పాటలది చలికాలం. రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతర ఈసారి జనవరి ఆఖర్లోనే. అడవికి అవతల, ములుగు జిల్లాలో. ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, అటు ఖమ్మం దాకా నాలుగు గోడలూ ఒక మైకూ ఉన్న ప్రతిచోటా ఇప్పుడు సమ్మక్క పాట తయారవుతూ ఉంటుంది. ఇది అయ్యాక శ్రీరామనవమికి భద్రాచలం వైపు నుంచి భజన మండళ్ళు వస్తాయి. భజన వాళ్ళతో నాకు గొడవ తక్కువ. పాట వాళ్ళది కాదు, రాముడిది. అందుకని నచ్చకపోయినా సర్దుకుంటారు. సొంత డబ్బు పెట్టి, సొంత మొహం వీడియోలో చూపించుకునేవాడు సర్దుకోడు.

అదిగో, కింద బుల్లెట్ చప్పుడు. వచ్చాడు.

పినపాక వైపు కుర్రాడు. చిన్న కాంట్రాక్టులు చేస్తాడు. ఈ పాటకి డబ్బు పెట్టింది అతనే, వీడియోలో హీరో అతనే. వెంట బావ, పాట రాసిన మిత్రుడు, కెమెరా పిల్లాడు. నలుగురూ నేరుగా వెళ్ళి ఎక్కడ కూర్చున్నారో చూశారా? సోఫాలో.

"అన్నా, బేస్ తీసేసినవేంది?"

"నేనెందుకు తీస్తా తమ్ముడూ?"

"నిన్న రాత్రి ఈడనే ఇన్నం గదా, గుండెలదిరినయ్. ఇంటికి పోయి ఫోన్ల పెడితే ఏం లేదు. పంపేటప్పుడు తగ్గించినవ్."

బావ తల ఊపాడు. వీళ్ళ అనుమానం మీకు అర్థమైందనుకుంటా: మిగతా డబ్బు ఇవ్వలేదు కాబట్టి మంచి సరుకు దాచుకుని నాసిరకం పంపానని. కొత్తలో అయితే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండదు. ఈ మనిషి అబద్ధం చెప్పట్లేదు. తనకి వినపడిందే చెబుతున్నాడు.

గది పొడవు పన్నెండడుగులు. ఆ పొడవులో సుమారు 47 హెర్ట్జ్ శబ్దం సరిగ్గా సగం అలగా ఇరుక్కుంటుంది. గోడల దగ్గర అది ఉబ్బుతుంది, నడిమధ్య చచ్చిపోతుంది. గది ఇరుకు కాబట్టి నా కుర్చీ నడిమధ్యన పడింది, సోఫా వెనక గోడకి ఆనింది. అంటే ఒకే పాట నాకు ఎండిపోయి, వాళ్ళకి వరద గోదావరిలా వినిపిస్తుంది. ఇక ఫోన్‌లో స్పీకరు గోరంత. 47 హెర్ట్జ్‌ని కదిలించే ఊపిరి దానికెక్కడిది?

ఇదంతా అతనికి చెప్పను. చెబితే "అన్నకి పనిరాదు, లెక్కలు చెప్తాండు" అంటాడు. లేపి నడిపిస్తాను.

"తమ్ముడూ, పాట ఆపను. సోఫా కాడి నుంచి నా కుర్చీ దాకా మెల్లగ నడిచి రా."

చూడండి, నడుస్తున్నాడు. రెండడుగులు, మూడు... ఆగాడు. వెనక్కి ఒకడుగు, ముందుకి ఒకడుగు. "ఈడ లేదు... ఈడ ఉంది!" బావ కూడా లేచాడు. ఇరుకు గదిలో నలుగురూ ముందుకీ వెనక్కీ కోలాటం ఆడుతున్నారు. నవ్వకండి. నవ్వితే మొత్తం పోతుంది.

ఇప్పుడు ఫోన్ సంగతి. కింది శబ్దాన్ని ఫోన్ పలికించలేదు కానీ, దాని పై వరసలు, రెండింతలవి, మూడింతలవి, పలికిస్తుంది. అవి వినపడితే అడుగున ఉన్నదాన్ని చెవి తనే కల్పించుకుంటుంది. పాత ల్యాండ్‌లైన్ గుర్తుందా? 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ మోసేది కాదు. మగవాళ్ళ గొంతు మొదలయ్యేదేమో 100, 120 దగ్గర. అయినా నాన్న ఫోన్ చేస్తే నాన్న గొంతులాగే ఉండేది. బేస్ ట్రాక్‌కి కొంచెం గరుకు కలిపి, ఆ పై వరసల్ని లేపి, పాటని అతని ఫోన్‌లోనే పెట్టి చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకున్నాడు. పెదవి విరిచి, మళ్ళీ విని, "ఆ, ఇగ ఇప్పుడు" అన్నాడు. అది ఏడో వెర్షన్.

ఈ పనిలో మూడొంతులు ఇదే. వచ్చినవాళ్ళకి కావలసింది తెలుసు, దాని పేరు తెలియదు. "పాట లేస్తలేదు" అంటే చాలాసార్లు గొంతు ఫ్లూట్ కింద నలుగుతోందని. "ఫీల్ వస్తలేదు" అంటే ట్యూన్ సాఫ్ట్‌వేర్‌తో గొంతుని మరీ ఇస్త్రీ చేసేశానని. "హైదరాబాద్ సౌండ్ కావాలె" అంటే గట్టిగా మోగాలని. ఎంత గట్టిగా తోసినా యూట్యూబ్ దాన్ని తన కొలతకి, సుమారు మైనస్ 14కి, దించేస్తుందని చెబితే నమ్మరు. దించాక పక్క పాట పక్కన పెట్టి వినిపిస్తే నమ్ముతారు. నోటితో ఒప్పించబోయిన ప్రతిసారీ నేను ఓడిపోయాను. చెవితో ఒప్పించినప్పుడు మాత్రం గెలిచాను.

ఒక పాపం ఒప్పుకోవాలి. దేనికీ తగిలించని నాబ్ ఒకటి ఈ బల్ల మీద ఉండేది. గొణుగుతున్నవాళ్ళ ముందు దాన్ని కొంచెం తిప్పి "ఇప్పుడు?" అంటే "ఆ, ఇప్పుడు బాగుంది" అనేవాళ్ళు. ఈ వృత్తిలో పాత చిట్కానే. ఒక రోజు భజన మండలి మృదంగం ఆయన మెల్లగా, నలుగురిలో కాకుండా, "బాబూ, అది తిరిగింది గానీ ఏం మారలేదు" అన్నాడు. ఆ రోజే పీకేశాను.

ట్యూన్ సాఫ్ట్‌వేర్ అన్నాను కదా, దానికీ మా ఊరికీ ఒక చుట్టరికం ఉంది. ఆటో-ట్యూన్‌ని 1997లో తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు వెతికే కంపెనీలకి పనిచేసిన మనిషి. భూమిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిలో ఎక్కడేముందో కనిపెట్టే లెక్కల్నే గొంతు మీద వాడాడు. ఇక్కడ సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ వేళకి మా గాయకులు పాడటం వాళ్ళే ఆపేస్తారు. బకెట్లో నీళ్ళు వణకడం ఆగాక మళ్ళీ మొదలు. భూమిని గుద్ది బొగ్గు తీసే ఊళ్ళో, భూమిని గుద్ది నేర్చుకున్న లెక్కతో సమ్మక్క పాట శ్రుతి సరిచేస్తున్నాం.

చీకటి పడింది. కింద ఆటో ఆగింది. డోలు వాళ్ళు.

నలుగురు కోయ పెద్దలు. వీడియోలో కొమ్ము నాట్యానికని పిలిపించారు. "ఎట్లాగూ వచ్చిన్రు గదా, సౌండ్ గూడ తీసుకో అన్నా, నాలుగు దెబ్బలు చాలు, లూప్ చేసుకుందువ్" అన్నాడు మన తమ్ముడు. మెట్ల మీద నుంచి డోళ్ళు ఎక్కించడానికే పావుగంట పట్టింది. పెద్దాయన ఒకసారి అరచేత్తో చర్మం మీద తట్టి, తల అడ్డంగా ఊపాడు. మంచుకి దిగిపోయింది. కాపాలి. మళ్ళీ కిందికి. ఇంటావిడని అడిగి పెరట్లో పుల్లలు రాజేశాం. తమ్ముడు గడియారం చూసుకుంటున్నాడు. నేను చూసుకోలేదు. చర్మం బిగిసేదాకా ఏ మైకూ ఏమీ చెయ్యలేదు.

గదిలో మొదటి టేక్. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, టిక్కు టిక్కు మనే క్లిక్ ఇచ్చాను. నాలుగు వరసలకే పెద్దాయన హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని వాయించాడు. అయ్యాక వినిపించమన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు, గుమ్మంలో నిలబడి విన్నాడు. ఒక్కసారే.

"మావోడొకడు లేడు దీంట్ల."

నాలుగు మైకులు, తెర మీద నాలుగు గీతలు. అందరూ ఉన్నారు కదా తాతా అన్నాను. ఆయన మాట్లాడలేదు. పెద్ద డోలు పట్టుకున్న తన తమ్ముడి వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

మళ్ళీ విన్నాను. నిజమే. పెద్ద డోలు చప్పుడుంది, దాని కడుపు లేదు. ఆయన్ని గది నడిమధ్యన నిలబెట్టింది నేనే. నడిమధ్యన శబ్దం చచ్చిపోతుందని గంట క్రితం కుర్రాణ్ణి నడిపించి మరీ చూపించింది కూడా నేనే. ఇన్నేళ్ళలో నా దగ్గరికొచ్చిన వాళ్ళలో ఇంత కచ్చితంగా తప్పు పట్టినవాళ్ళు లేరు. బేస్ అనలేదు, కిక్కు అనలేదు. ఏ మనిషి కనపడటం లేదో చెప్పాడు.

"కిందికి పోదాం తాతా."

రండి, మీరూ ఒక కేబుల్ చుట్ట పట్టుకోండి. ముప్పై మీటర్లది, మెట్ల మీదుగా పెరట్లోకి. చింతచెట్టు కింద, ఇందాకటి నిప్పులకి పది అడుగుల దూరంలో రెండు మైకులు, వాటి మీద గాలికి అడ్డంగా మా ఆవిడ ఉన్ని టోపీలు. గోడలు లేవు కాబట్టి శబ్దం ఇరుక్కునే చోటూ లేదు. లారీ పోయేదాకా ఆగాలి. ఇంకొకటి వస్తోంది. ఆగండి. కుక్క. ఆగండి. ఇప్పుడు.

పెద్ద డోలు మొదటి దెబ్బ మీ పొట్టలో తగిలింది కదా? తమ్ముడు ఏడు వెర్షన్ల నుంచి అడుగుతున్నది అదే. అతని మొహం చూడండి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. నెమ్మదిగా మొదలైన నడక తెలియకుండానే చిక్కబడుతోంది. క్లిక్ లేదు కాబట్టి ఒకరి భుజం చూసి ఒకరు వాయిస్తున్నారు. పదకొండు నిమిషాలు. ఆపమని ఎవరూ అనలేదు.

ఈ మండలంలోనే కూనవరం ఉంది. అక్కడి సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథనీ, కోయ వంశాల కథల్నీ కాగితం మీద కాకుండా గొంతులో మోసిన డోలు కళాకారుడు. 2024 జూన్‌లో పోయారు. అలాంటి కథకి కొలత రాత్రుళ్ళలో ఉంటుంది. మా తమ్ముడి పాట నాలుగు నిమిషాల పది సెకన్లు.

మేడ మీదికొచ్చాక అసలు పేచీ. "మస్తుందన్నా, కానీ స్పీడ్ మారుతాంది. ట్రాక్ మీద కూసోదు" అన్నాడు. అదీ నిజమే. తెర మీద కొలిస్తే నిమిషానికి 96 దెబ్బలతో మొదలై 112 దగ్గర తేలింది. ట్రాక్‌నే తీసుకెళ్ళి వాళ్ళ నడక మీద కూర్చోబెడతాను, ఒక రాత్రి ఇవ్వు అన్నాను. ఎల్లుండి రిలీజ్, పోస్టర్ కూడా వేశాం అన్నాడు బావ. డబ్బు వాళ్ళది, పాట వాళ్ళది. మొదటి 22 సెకన్లు పెరట్లో డోళ్ళు, ఆ తర్వాత ఎప్పటి లూపే. అట్లా ఒప్పందమైంది. తప్పు నిర్ణయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఒక్క దగ్గర మాత్రం తగ్గలేదు. డోలు వాళ్ళకి వీడియో షూటింగ్ అయ్యాక ఇస్తామన్నారు. కింద ఆటో ఇంజను వేసి ఉంది. పాట కంప్యూటర్లోంచి ఫైలుగా బయటికి రావాలంటే నేను ఒక మీట నొక్కాలి. దాని మీద వేలు పెట్టి, నొక్కకుండా కూర్చున్నాను. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. బావ జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టి గుమ్మం దగ్గర పెద్దాయన చేతికిచ్చాడు. అప్పుడు నొక్కాను. కొత్తగా స్టూడియో పెట్టే తమ్ముళ్ళకి ఒక మాట: ఎన్ని మార్పులు ఉచితం, ఎన్నో మార్పు నుంచి డబ్బు, చివరి మాట ఎవరిది, ఈ మూడూ మొదటి రోజే వాట్సాప్‌లో రాసి పంపండి. నోటిమాట బుల్లెట్ చప్పుడులో కలిసిపోతుంది.

లేచేటప్పుడు కేబుల్ తొక్కకండి. ఆ పదకొండు నిమిషాల టేక్ ఈ డిస్కులో ఉంది, ఎవరు అడిగినా వినిపిస్తాను. సోఫాలో కాదు, గుమ్మంలో నిలబడి వినండి.

పాట పదకొండో వెర్షన్ దగ్గర ఖాయమైంది. నాకు రావలసింది ఇంకా మూడు వేలు. జాతర అయిపోయినంక ఇస్తానన్నాడు.