శేషం వెండితెరపై: భయానక చిత్రాల ప్రచారంలో దాపరికమూ దబాయింపూ

సినిమా హాలు బయట అణాకో బేడకో అమ్మిన పాటల పుస్తకాలను ఇవాళ మనం పాటల కోసమే వెతుక్కుంటాం. కాని వాటిలో పాటలకు ముందు కథాసంగ్రహం ఉండేది. నాయిక ఆపదలో చిక్కుకునే దాకానో, మారువేషం బయటపడబోయే క్షణం దాకానో కథ చెప్పి, సరిగ్గా అక్కడ ఆపి, శేషం వెండితెరపై చూడమనేవారు. రెండు నిమిషాల ట్రైలర్ చేసే పని కూడా ఇదే. ఎక్కడ ఆపాలో తెలియడమే ఆ విద్య. హాస్యచిత్రంలోని నాలుగు చమత్కారాలు ముందే వినిపించినా పెద్దగా నష్టం లేదు. భయానక చిత్రం సంగతి వేరు. దెయ్యం ముఖం ముందే చూపిస్తే హాల్లో మిగిలేది రంగూ విగ్గూ మాత్రమే.

నాట్యశాస్త్రం భయానక రసానికి విభావాలను చెబుతూ వికృతధ్వనులతో మొదలుపెడుతుంది. భూతదర్శనం, నక్కల, గుడ్లగూబల కూతలు, పాడుబడిన ఇల్లు, అరణ్యం ఆ తరువాత వస్తాయి. ఈ వరుస యాదృచ్ఛికమే కావచ్చు, కాని భయానక చిత్రాల ప్రచారచరిత్ర దీన్ని పదేపదే రుజువు చేసింది. కంటికి చూపకుండా చెవికి వినిపించిన ప్రకటనలే ఎక్కువకాలం నిలిచాయి.

దాచడంలో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్‌ది పెద్ద చేయి. 1960 నాటి 'సైకో' ట్రైలర్ ఆరు నిమిషాలకు పైగా నడుస్తుంది. అందులో సినిమాలోని సన్నివేశాలు లేవు. దర్శకుడే యాత్రాస్థలాలు చూపించే గైడులా ఆ ఇంట్లోనూ లాడ్జిలోనూ తిరుగుతూ, ఇక్కడే జరిగింది అంటాడు, ఏం జరిగిందో చెప్పబోయి నాలిక కరుచుకుంటాడు. చివరికి స్నానాల గది తెర లాగితే ఒక స్త్రీ కేక. ఆ కేక వేసింది కథలో ఆ గదిలో చనిపోయే జానెట్ లీ కాదు, వెరా మైల్స్. ట్రైలర్ ఆఖరి క్షణంలో కూడా అసలు రహస్యాన్ని బయటపెట్టలేదన్నమాట! ఇరవై ఏళ్ల తరువాత స్టాన్లీ కుబ్రిక్ 'ది షైనింగ్' టీజర్‌లో ఇంకా పిసినారితనం చూపించాడు. మూసి ఉన్న లిఫ్టు తలుపులు, తెర మీద పాకే పేర్లు, పెరిగే సంగీతం, ఆపైన తలుపుల సందులోంచి ఉప్పెనలా వచ్చే నెత్తురు. అంతా ఒకటే షాటు. పాత్రలు లేవు, మాటలు లేవు, కథ అసలే లేదు.

మన ఊళ్లలో సినిమాకు తొలి ట్రైలర్ మైకు కట్టిన రిక్షా. నేడే చూడండి అంటూ సాగే ఆ గొంతుకు పౌరాణికమైనా మంత్రగాడి కథైనా ఒకటే స్థాయి. భయానికి కావలసిన నిశ్శబ్దం బజారులో దొరకదు కదా. 1967లో వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాక ఆ గొంతు ఇంట్లోకి వచ్చింది. రాత్రిపూట దీపం ఆర్పాక వినిపించే కేక రిక్షాలోంచి వచ్చే కేక లాంటిది కాదు.

తెలుగులో శబ్దం విలువ తెలిసిన దర్శకుడు రాంగోపాల్ వర్మ. రేవతి నటించిన 'రాత్రి' (1992)కి నేపథ్యసంగీతం సమకూర్చినది మణిశర్మ. తరువాత హిందీలో తీసిన 'భూత్' (2003)లో వర్మ పాటలనే తీసేశాడు. పాటల క్యాసెట్టే ప్రచారానికి మూలధనమైన రోజుల్లో అది చిన్న సాహసం కాదు. మరో దారి 'అరుంధతి' (2009)ది. కోడి రామకృష్ణ ఆ చిత్రంలో పశుపతి రూపాన్ని దాచలేదు. అయినా జనం నోట మిగిలింది సోనూసూద్ రూపం కన్నా అతనికి అరువిచ్చిన పి. రవిశంకర్ గొంతు. ఆ గొంతే ఆయనకు ఇంటిపేరైంది.

ఇంతవరకూ దాపరికం గురించి. రెండో పనిముట్టు దబాయింపు, అంటే ఇది చూడగల ధైర్యం మీకుందా అని సవాలు చేయడం. అమెరికాలో విలియం కాసిల్ 1958లో 'మకాబర్' చిత్రానికి వచ్చినవారిలో ఎవరైనా భయంతో ప్రాణం విడిస్తే వెయ్యి డాలర్లు ఇస్తానని బీమా పత్రాలు పంచాడు. సరిగ్గా యాభై ఏళ్లకు వర్మ 'ఫూంక్' (2008)ను హాల్లో ఒంటరిగా చూసినవారికి అయిదు లక్షల రూపాయలన్నాడు. 2009 నాటి 'పారానార్మల్ యాక్టివిటీ' ట్రైలర్ ఇంకో అడుగు వేసి, చీకట్లో సినిమాను చూస్తూ ఉలిక్కిపడుతున్న ప్రేక్షకుల ముఖాలను చూపించింది. దాచడానికి ఇంతకన్నా తెలివైన ఉపాయం లేదు. దబాయింపు కూడా చివరికి దాపరికానికే ఊడిగం చేసిందన్నమాట.

చిక్కంతా దబాయింపు మరో రూపం దాల్చినప్పుడు వస్తుంది. ఇది భయంకరం అనడం వేరు, ఇది నిజం అనడం వేరు. 'ఫూంక్'లో నాస్తికుడైన తండ్రి కూతురి మీద జరిగిన క్షుద్రప్రయోగం ముందు ఓడి, మంత్రగాడిని ఆశ్రయిస్తాడు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చదివిన తెలుగువారికి పసిపిల్ల మీద ప్రయోగమన్న ఆ ఇతివృత్తం కొత్తది కాదు. ఆ నవల మూఢనమ్మకాలను పెంచుతోందని రంగనాయకమ్మ ఒక పుస్తకమే రాశారు. ఆమె కోపం అతిగా తోచినవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల పళ్లు రాలగొట్టారు, కొట్టి చంపారు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి దురాచారాల మీద ప్రత్యేక చట్టాలు చేయవలసివచ్చింది.

'విరూపాక్ష' (2023) కథ ఈ హింసతోనే మొదలవుతుంది. చేతబడి చేశారని ఊరు ఒక దంపతులను తగలబెడుతుంది. చిత్రం పేరును ప్రకటించిన చిన్న వీడియోకు జూనియర్ ఎన్టీఆర్ గొంతు ఇచ్చారు. ఆ మాటల నడక గమనించదగ్గది. అజ్ఞానం వల్ల భయం, భయం వల్ల మూఢనమ్మకం అని హేతువాదిలా మొదలుపెట్టి, ఆ నమ్మకమే నిజమైతే అన్న చోటికి చేరుతుంది. మొదటి సగం విన్న చదువరి తలూపుతాడు, రెండో సగం విన్న అదే చదువరి టికెట్టు కొంటాడు. ప్రచారకళగా దీనికి నేను మంచి మార్కులే వేస్తాను. కాని ఊరు తగలబెట్టిన మనుషుల పక్షాన మొదలైన వాక్యం ఊరి నమ్మకం పక్షాన ముగిసిందని కూడా చెప్పుకోవాలి.

నేనుండే అమ్వాజ్, బహ్రెయిన్‌లో ముహర్రక్ పక్కన సముద్రాన్ని పూడ్చి కట్టిన దీవుల సముదాయం. ఇక్కడ తెలుగు సినిమాకు గోడపత్రిక లేదు, మైకు రిక్షా లేదు. శుక్రవారం సెలవునాడు ఏ చిత్రానికి వెళ్లాలో తేల్చేది చేతిలోని ఫోను. ఆ ఫోను స్పీకరుకు మంద్రధ్వని పలకదు. హాల్లో కుర్చీ కింద నుంచి పాకివచ్చే గుండెదడ అందులో మాయమవుతుంది. ఈనాటి ట్రైలర్లలో ఒక్కసారిగా నిశ్శబ్దం, వెంటనే చెవులు పగిలే చప్పుడు ఇంతగా పెరగడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. గుసగుసకు చోటు లేని పరికరంలో అరవక తప్పదు. పైగా భారతదేశంలో హాల్లో వేసే ట్రైలర్‌కు సెన్సారు ధ్రువపత్రం కావాలి, యూట్యూబులో పెట్టే ట్రైలర్‌కు అక్కరలేదు. నిజ సంఘటనల ఆధారంగా అన్న అక్షరాలు ఎవరి పరిశీలనా లేకుండానే అందులో వెలుగుతాయి. పాటల పుస్తకంలోని కథాసంగ్రహం ఎంత ఊరించినా, తాను చెబుతున్నది జరిగిన సంగతని ఎప్పుడూ అనలేదు.