హిమోగ్లోబిన్ 18 ఉంటే సంతోషించాలా? పాలీసైథీమియా వేరా గురించి తెలుసుకోండి

ఇళ్లలో రక్తం గురించి మాట వచ్చిందంటే అది తక్కువగా ఉందనే. హిమోగ్లోబిన్ 9 అంటే కంగారుపడి ఖర్జూరాలు, దానిమ్మలు తెచ్చిపెడతారు. అదే 18 అని వస్తే "మాషా అల్లాహ్, రక్తం బాగా పట్టింది" అని ఫైలు మూసేస్తారు. మూసేయకూడని ఫైలు అది.

ఎముక మజ్జ అదుపు తప్పి ఎర్ర రక్తకణాలను అవసరానికి మించి తయారుచేస్తే దాన్ని పాలీసైథీమియా వేరా అంటారు. నెమ్మదిగా ముదిరే ఒక రకం రక్త క్యాన్సర్ ఇది. అంటుకోదు. సుమారు 95 శాతం రోగుల్లో జాక్2 జన్యువులో ఒక మార్పు ఉంటుందని 2005లో తేలింది. ఆ మార్పు సాధారణంగా పుట్టాక వచ్చేదే. 60 ఏళ్ల ప్రాంతంలో ఎక్కువగా బయటపడుతుంది, చిన్న వయసులోనూ రావచ్చు.

రక్తం చిక్కబడితే గడ్డకడుతుంది. పక్షవాతమో, గుండెపోటో వచ్చాకే అసలు జబ్బు తెలిసినవాళ్లూ ఉన్నారు. అంతకుముందు తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఎర్రబడటం, అరికాళ్ల మంట ఉంటాయి గానీ, అవన్నీ బీపీ, షుగర్ ఖాతాలో పడిపోతాయి. బాగా పట్టిచ్చే గుర్తు ఒకటుంది: వేడినీళ్ల స్నానం తర్వాత దద్దుర్లు లేకుండానే ఒళ్లంతా దురద. చాలామంది సబ్బు మార్చి ఊరుకుంటారు. ప్లీహం పెరిగితే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది.

హిమోగ్లోబిన్ మగవాళ్లలో 16.5, ఆడవాళ్లలో 16 దాటితే డాక్టర్‌కు చూపించాలి. సిగరెట్లు, ఊపిరితిత్తుల జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే గురక, ఒంట్లో నీరు తగ్గడం వల్ల కూడా అది పెరగవచ్చు. అందుకే జాక్2, ఎరిత్రోపాయిటిన్ పరీక్షలు, అవసరమైతే ఎముక మజ్జ పరీక్ష చేయిస్తారు.

చికిత్స వినడానికి వింతగా ఉంటుంది: ఆసుపత్రిలో సిర నుంచి కొలిచి రక్తం తీసేస్తారు. హెమటోక్రిట్ 45 శాతం లోపు ఉంచడమే లక్ష్యం. పడని కారణం లేకపోతే తక్కువ డోసు ఆస్పిరిన్ ఇస్తారు. 60 దాటినవాళ్లకు, ముందే రక్తం గడ్డకట్టినవాళ్లకు ఎక్కువగా హైడ్రాక్సీయూరియా కూడా కలుపుతారు. గర్భం కోసం చూస్తున్న దంపతులు ఆ సంగతి ముందే డాక్టర్‌తో చెప్పాలి.

"మరి హిజామా చేయిస్తే సరిపోదా?" అని అడిగేవాళ్లు ఉంటారు. సరిపోదు. అందులో చర్మం నుంచి వచ్చేది కొద్ది రక్తమే, హెమటోక్రిట్‌కు లెక్కకట్టి తీసేది కాదు. పైగా ఆస్పిరిన్ వాడేవాళ్లకు రక్తం త్వరగా ఆగదు. నీరసంగా ఉందని సొంతంగా ఐరన్ టానిక్ తాగడమూ తప్పే, ఎర్రకణాలు మళ్లీ పెరుగుతాయి. రోజా ఉండాలనుకునేవాళ్లు రంజాన్‌కు ముందే డాక్టర్‌ను అడగాలి, నీరు తగ్గితే రక్తం ఇంకా చిక్కబడుతుంది. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక కాలే వాచినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.