పాత పింగాణీ, మట్టి బొమ్మలతో గృహాలంకరణ

సరిహద్దు జిల్లాల తెలుగు ఇండ్లలో పాత బొమ్మలకు నిలయం కొలువు పెట్టె. కోస్తా ఆంధ్రలో బొమ్మల కొలువు ఎక్కువగా సంక్రాంతికి పెడతారు. తమిళనాడు, కర్ణాటకలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారిలో చాలామంది అక్కడి ఆచారాన్ని అనుసరించి దసరా నవరాత్రులకు పెడతారు. పండుగ ముగియగానే బొమ్మలన్నీ అటక ఎక్కి, ఏడాదంతా చీకటిలో గడుపుతాయి. కొయ్యవి, కాగితపు గుజ్జువి, మట్టివి అయిన ఆ బొమ్మల నడుమ ఒక్కొక్కప్పుడు ఒకటో రెండో తెల్లని పింగాణీ బొమ్మలు కూడా ఉంటాయి. మురళి పట్టిన కృష్ణుడో, పూలబుట్ట ఎత్తుకొన్న దొరసానియో, చెవి విరిగిన కుక్కపిల్లయో. పాత సామాన్ల వర్తకుడు వీధిలోకి వచ్చిననాడు తక్కువ ధరకు ఇంటి గడప దాటిపోయేవి కూడా ఇవే.

మట్టి వేరు, పింగాణీ వేరు

పింగాణీకి ప్రధానమైన ముడిపదార్థం కేయోలిన్ అనే తెల్లని మట్టి. దానిని సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన వేడిలో కాల్చినప్పుడు అది గాజువలె బిగిసి, నీటిని పీల్చని గుణం పొందుతుంది. కుమ్మరి ఆవంలో వేడి అంత ఎత్తుకు పోదు. అందుచేత ఎర్రమట్టి బొమ్మ రంధ్రాలతోనే మిగిలి, నీటిని పీలుస్తుంది. ఇంట్లో ఉన్నది ఏదో తెలుసుకోవడానికి గోటితో మెల్లగా తట్టి చూడవచ్చు. పగుళ్లు లేని పింగాణీ గణగణమంటుంది, మట్టిబొమ్మ బొద్దుగా పలుకుతుంది. అడుగున గోరు గీసినంతనే తెల్లని పొడి రాలితే అది చాలావరకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అయి ఉంటుంది. సంతలలో పాత పింగాణీ పేరిట అమ్ముడుపోయే వాటిలో ఇటువంటివి తక్కువేమీ కాదు.

పింగాణీ బొమ్మ అడుగున చిన్న రంధ్రం కనిపిస్తే దానిని లోపమని భావించరాదు. పలుచని మట్టి ద్రవాన్ని అచ్చులో పోసి చేసే బొమ్మ లోపల బోలుగా ఉంటుంది. కాల్చేటప్పుడు లోపలి గాలి వ్యాకోచించి బొమ్మను పగులగొట్టకుండా ఆ రంధ్రం కాపాడుతుంది.

మెరుగుపూత మీద సాలెగూడు వంటి సన్నని చీలికలను చూసి చాలామంది పాతదనానికి గుర్తుగా తీసుకొంటారు. పూత, దాని కింది మట్టి చల్లారేటప్పుడు ఒకే తీరున కుంచించుకోకపోవడమే ఆ చీలికలకు కారణం. అవి కొత్త బొమ్మకూ రాగలవు. టీ కషాయంలో ముంచి వాటికి గోధుమవన్నె పట్టించే వర్తకులూ ఉన్నారు. అసలైన అరుగుదల చేతులు తగిలే చోట, పీఠం నేలను తాకే అంచున మాత్రమే ఉంటుంది. ఒళ్లంతా ఒకే తీరున మాసిన బొమ్మను అనుమానించాలి.

అడుగున ఉన్న ముద్ర

ఐరోపాలో అసలైన గట్టి పింగాణీని మొదటగా తయారుచేసిన కర్మాగారం 1710లో జర్మనీలోని మైసెన్ పట్టణంలో వెలసింది. 1731లో అక్కడ చేరిన శిల్పి యోహాన్ యోయాకిమ్ కాండ్లర్ పింగాణీ బొమ్మను పళ్లెం, గిన్నెల సరసన నుంచి శిల్పం స్థాయికి తీసుకొనిపోయాడు. మైసెన్ ముద్ర నీలిరంగులో ఒకదానినొకటి ఖండించుకొనే రెండు కత్తులు. లోకంలో అత్యధికంగా అనుకరణకు గురైన పింగాణీ ముద్రలలో అదొకటి కనుక, నీలి కత్తులు కనబడగానే లక్షల లెక్కలు వేసుకోవడం తొందరపాటు. అసలైన ఐరోపా పింగాణీ ఎట్లా ఉంటుందో కళ్లారా చూడదలచినవారికి 1951లో ప్రారంభమైన హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది.

కొలువు పెట్టెలలో దొరికేవి ఇంతకన్న సామాన్యమైనవి. 19వ శతాబ్దం చివరి భాగంలోను, 20వ శతాబ్దం తొలినాళ్లలోను జర్మనీ కర్మాగారాలు భారతదేశపు విపణి కోసమే హిందూ దేవతల పింగాణీ బొమ్మలు చేసి పంపాయి. రవివర్మ పటాల పోలికలు వాటిలో కొన్నింటిలో స్పష్టంగా కనిపిస్తాయి. విదేశీ సరుకు మీద దేశం పేరు వేయించే బ్రిటిష్ చట్టం 1887లో వచ్చింది. "మేడ్ ఇన్ జర్మనీ" అన్న మాట వ్యాప్తిలోకి వచ్చినది ఆ చట్టం వల్లనే. "పశ్చిమ జర్మనీ" అని ఉంటే ఆ బొమ్మ 1949 నుంచి 1990 వరకు గల కాలానికి చెందినది. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత, 1952 ఏప్రిల్‌లో జపాన్‌లో ఆక్రమణ పాలన ముగిసేలోపు తయారైనదని గ్రహించవచ్చు. ముద్ర లేని బొమ్మలు అసంఖ్యాకం. వాటిని పోతపని నాణ్యతను బట్టి, ముఖంలోని రంగుల తీరును బట్టి మాత్రమే అంచనా వేయాలి.

ఇంటిలో చోటు

సున్నం వేసిన తెల్లని గోడ ముందు తెల్లని పింగాణీ కంటికి ఆనదు. గూటి లోపలి భాగానికి నీలమో, ముదురు పచ్చో, కావిరంగో వేయిస్తే అదే బొమ్మ నిండుగా కనిపిస్తుంది. వెలుగు పక్కనుంచి పడాలి. ఎదురుగా పడితే ముక్కు, వ్రేళ్లు, మడతలు అన్నీ చదునుగా మారిపోతాయి. పదిహేను బొమ్మలను అద్దాల బీరువాలో కిక్కిరిసేలా పేర్చడం దుకాణానికి తగిన పద్ధతి. ఇంటికి ఒక గూటిలో ఒక బొమ్మ చాలును. మిగిలినవాటిని ఋతువును బట్టి మార్చుకోవచ్చు.

తలుపు రెక్క కొట్టుకొనే గోడ, పిల్లి తిరిగే అరుగు, పొయ్యి పై అలమార బొమ్మలకు పనికిరావు. పొగ, నూనె జిడ్డు మెరుగు లేని భాగాలలోకి ఇంకితే తిరిగి రావు. అరుగు అంచున అరంగుళం ఎత్తున చెక్కపట్టీ కొట్టించి, పీఠం కింద కొద్దిగా తేనెమైనం అద్దితే బొమ్మ సులభంగా జారదు. పీఠం మెరుగు లేని మట్టిదైతే మైనం మరకపడుతుంది కనుక చెక్కపట్టీతోనే సరిపెట్టుకోవాలి. యానాం వంటి తీరప్రాంతాలలో ఎర్రమట్టి బొమ్మలను ఆరుబయట ఉంచితే ఉప్పుగాలి తేమ లోపలికి చేరి, ఆరినప్పుడు ఉప్పు పొంగి పైపొర పెచ్చులుగా రాలుతుంది. వాటికి వసారా లోపలి గోడే క్షేమం.

తమిళ పల్లెల పొలిమేరలలో అయ్యనార్ గుడుల వద్ద ఉండే మట్టి గుర్రాలు చూడముచ్చటగా ఉంటాయి. అవి మొక్కుబడులు. శిథిలమైనా అక్కడే మట్టిలో కలవవలసినవి, ఇంటికి తెచ్చుకొనే అలంకారాలు కావు. పెద్ద గుర్రం కావలసినవారు కుమ్మరి చేత కొత్తది చేయించుకోవడం మర్యాద.

శుభ్రత, మరమ్మతు

ఇత్తడి పాత్రలకు అలవాటైన చేతులు పింగాణీని కూడా చింతపండుతో తోమబోతాయి. ఆ పులుపు, ఆ రాపిడి బంగారుపూతను పోగొట్టగలవు. ప్లాస్టిక్ తొట్టి అడుగున తువాలు పరచి, గోరువెచ్చని నీటిలో కొద్దిపాటి మెత్తని సబ్బుతో కడిగితే చాలు. పగుళ్లు, అతుకులు ఉన్నదానిని నీటిలో ముంచరాదు. రంగులు పూసిన మట్టి కొలువు బొమ్మలకు అసలు నీరు తగలరాదు, మెత్తని కుంచెతో దులపాలి. బొమ్మను చేయి, మెడ పట్టి ఎత్తకుండా, ఒక చేయి పీఠం కింద, మరొకటి నడుము వద్ద ఉంచాలి. పెట్టెలో దాచేటప్పుడు పాత నూలు పంచె మేలు. వార్తాపత్రికల సిరా అంటుకొంటుంది.

విరిగిన ముక్కలు గోరంత ఉన్నా పారవేయక ఒక సంచిలో వేసి బొమ్మతోనే ఉంచాలి. తొందరపడి గట్టి జిగురుతో అతికిస్తే, వంకర వచ్చినా మరల విడదీయడం కష్టం. మ్యూజియం నిపుణులు సాధారణంగా అసిటోన్‌లో కరిగే జిగురును వాడతారు. ఎప్పుడైనా ఊడదీసి సరిచేయవచ్చుననేది అందులోని సౌకర్యం. పాత రంగులలోను, పూతలలోను సీసం ఉండే అవకాశం ఉన్నందున రంగు రాలుతున్న బొమ్మను పసిపిల్లల చేతికి ఇవ్వరాదు.

అమ్మేముందు

1976లో అమలులోకి వచ్చిన 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు, కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయరాదు. కాల్చిన మట్టి శిల్పాలు రిజిస్ట్రేషన్ చేయించవలసిన తరగతులలో ఉన్నాయి. పొలం దున్నేటప్పుడు నేలలో బయటపడిన బొమ్మ సంగతి వేరు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి.

అన్నదమ్ముల పంపకాలలో జంట బొమ్మలు చెరొకవైపు పోవడం తరచుగా జరుగుతుంది. కొనేవారు జంటకు ఇచ్చే ధర ఒంటి బొమ్మకు ఇవ్వరు. బొమ్మ ఎవరు తెచ్చినది, ఏ ఊరినుంచి, ఏ సంవత్సరంలో అన్న వివరాలను పెద్దవారు ఉండగానే అడిగి, ఒక కాగితం మీద తెలుగులో వ్రాసి, అడుగు ముద్ర ఛాయాచిత్రంతో పాటు పెట్టెలో ఉంచాలి. ఆ కాగితాన్ని బొమ్మకు మాత్రం అంటించరాదు.